నాయిన కట్టిన గుట్ట

మా ఘుగ్గుస్‌లో గుట్టలంటే బొగ్గు గనుల మట్టి కుప్పలే. బొగ్గు మీదున్న మట్టిని తవ్వి, డంపర్లలో తెచ్చి ఒకేచోట పోస్తూ పోతారు. ఏళ్లు గడిచేసరికి అది గుట్టవుతుంది. మా నాయిన ఆ డంపర్ నడిపేవాడు. చిఖల్దరా కొండలు చూడాలని అమ్మ ఎప్పుడు నోరు తెరిచినా, వానలకు పచ్చబడ్డ ఆ కుప్పను చూపించి ఆటపట్టించేవాడు. "నీకోసం గుట్టనే కడుతున్న గదనే, ఇంకెక్కడికి పోతవ్?" అనేవాడు. రిటైరయ్యాక తీసుకుపోతానని మాట మాత్రం ఇచ్చాడు. రిటైరయ్యాడు గానీ, తీసుకుపోకుండానే కన్నుమూశాడు.

ఆ మాట నిలబెట్టే పని నా మీద పడింది. నిజం చెప్పొద్దూ, నాకు చిఖల్దరా కన్నా దారిలో వచ్చే కొత్త ఎక్స్‌ప్రెస్ హైవే మీదే మోజు ఎక్కువ. సెకండ్ హ్యాండ్ కారు కొన్ననాటి నుంచీ దాన్ని ఆ రోడ్డు మీద పరుగెత్తించాలని నా చేతులకు ఒకటే దురద. మా వైపు రోడ్ల మీద ముందు బొగ్గు లారీ, వెనక సిమెంటు లారీ, నడుమ దుమ్ములో మనం. ఇక కారెందుకు, కాలినడకే నయం. మధ్యాహ్నం భోజనం కొండ మీదేనని మా ఆవిడకు ముందే గొప్పలు చెప్పుకున్నాను.

పొద్దున్నే బయల్దేరాం. ఊరు దాటకముందే అమ్మ పాన్ ఠేలా బండి దగ్గర కారు ఆపమంది. తానే దిగి వెళ్లి, ఏదో కొంగున ముడేసుకుని వచ్చింది. ఠేలా అతను నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కారెక్కితే అమ్మకు కడుపులో తిప్పుతుంది, అందుకని ఏ వక్కపలుకో కొనుక్కుందనుకున్నాను.

వార్ధా ఊరి దగ్గర హైవే ఎక్కాం. ఏం రోడ్డు అది! గుంత లేదు, గేదె లేదు, అడ్డంగా దూరే మోటార్‌సైకిల్ లేదు. నాకు హుషారు ఆగడం లేదు. అమ్మ కూడా కడుపు సంగతి మరిచిపోయి కిటికీకి అతుక్కుపోయింది. నది వస్తే చెప్పమని మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంది. సరే సరే అంటూ నేను పోనిస్తూనే ఉన్నాను.

ఒకచోట రోడ్డుకు రెండు పక్కలా అడ్డుగోడలు లేచాయి, చూస్తుండగానే వెనక్కి పోయాయి. అదే వార్ధా నదేమోనని వెనక సీటులోంచి మా ఆవిడ అంది. అమ్మ అప్పటికి కొంగు ముడి విప్పుతూనే ఉంది.

కారు వెనక్కి తిప్పమంది అమ్మ. ఈ రోడ్డు మీద ఆపకూడదని, తిప్పుకోవడానికి దారే ఉండదని చెప్పాను. నది దాటేటప్పుడు రూపాయి వేయడం మా ఇళ్లలో మామూలే. ఘుగ్గుస్ పక్కన పారేది కూడా ఇదే నది, ఇంటికి పోయాక వేసుకోవచ్చు కదా అన్నాను, కాస్త చిరాగ్గానే.

అమ్మ గొంతు పెంచలేదు. "మీ నాయిన బూడిద మనూరి కాడ గీ నీళ్లల్లనే కలిపినం. గీడ చెప్తే నీళ్లతోని ఆయన కాడికే పోతది. నేను గుట్టెక్కే ముందు ఆయనకు ఎరుక కావాలె. చెప్పకుంట నేను రాను."

అద్దంలోంచి మా ఆవిడ నావైపు గుర్రుగా చూసింది.

తర్వాత కిందికి దారి వచ్చిన చోట హైవే దిగి, పాత రోడ్డు పట్టుకుని, సోయాబీన్ ట్రాక్టర్ల వెనక నత్తనడకన వెనక్కి నది దాకా వచ్చాం. దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాను. పాత వంతెన పక్కన కారు ఆపితే అమ్మ దిగి ముడి విప్పింది. అందులో ఉన్నది రూపాయి కాదు, ఖర్రా పొట్లం.

వక్క, పొగాకు, సున్నం కలిపి రుద్దే ఆ ఖర్రా అంటే నాయినకు ప్రాణం. అమ్మకు చచ్చేంత అసహ్యం. ఆయన జేబులు వెతికి మరీ మోరీలో పారేసేది. ఆ రగడ మా కాలనీలో అందరికీ తెలుసు. అలాంటి మనిషి తానే పోయి కొనుక్కొచ్చిందంటే, పాపం ఆ ఠేలా అతను నోరు తెరవడంలో వింతేముంది? నాకు నవ్వాగలేదు.

అమ్మ ప్లాస్టిక్ కవరు విప్పి, నీళ్లలో చెత్త వేయగూడదని దాన్ని నా చేతిలో పెట్టింది. ఖర్రా మాత్రం నదిలోకి విడిచింది. "ఇగో, తిను. ఇయ్యాల ఏమనను. నువ్వు తోల్కపోతనంటివి గద, నీ కొడుకు తోల్కపోతుండు."

నవ్వుతున్నవాణ్ణి నవ్వుతూనే ఏడ్చేశాను.

భోజనం కొండ మీద కాదు, రోడ్డు పక్క ధాబాలో అయింది. మా ఆవిడ ఆ సంగతి గుర్తుచేయకుండా వదల్లేదు. ఘాట్ రోడ్డు ఎక్కేసరికి ఎండ వాలింది. అన్ని మలుపుల్లోనూ అమ్మ రాయిలా కూర్చుంది, కడుపులో తిప్పింది మా ఆవిడకే. పైన లోయ అంచున దిగాం. కింద పొగమంచు, ఎదురుగా వరస వెనక వరసగా పచ్చటి కొండలు. అమ్మ కొంగు నిండుగా కప్పుకుని చాలాసేపు చూసింది. ఎలా ఉందని అడిగాను. ఇంత చేసినందుకు నాలుగు మంచి మాటలు వినాలని ఆశపడ్డాను మరి.

"మంచిగనే ఉన్నది," అంది. "గని మీ నాయిన కట్టిందే ఎత్తుగున్నది."

మా ఆవిడ పకపకా నవ్వింది. చీకటి పడేలోపు గది వెతుక్కోవాలని కారు వైపు నడిచాం. ఎక్కబోతూ అమ్మ నా భుజం తట్టింది.

"వాపస్ పోయేటప్పుడు పాత రోడ్డే పట్టు బిడ్డా. గీ మాట గూడ ఆయనకు చెప్పాలె."