కవిత పరీక్షలో నేను నోరు విప్పాను

ఈ పరాయి దేశంలోని మన తెలుగు సంఘం సైక్లోస్టైల్ పత్రికకు ఇది ఈ సాయంత్రమే రాస్తున్నాను. రేపటికైతే రాసే ధైర్యం ఉండదు.

మా అమ్మాయి కవిత ఇక్కడి యూనివర్సిటీలో, మనుషులను కొండల్లోకీ అడవుల్లోకీ నడిపించే చదువు చదువుతోంది. ఇవాళ తనకు పరీక్ష. కొత్తవాళ్లను ఆరుగురిని కొండ ఎక్కించాలి. ఒకరు తగ్గారని నన్ను రమ్మంది. ప్రొఫెసరు గారు నోట్‌బుక్‌తో వెనక నడిచారు.

దారి రెండుగా చీలిన చోట, మ్యాపు పట్టుకున్న అమ్మాయి తప్పు దారి పట్టింది. కవిత ఏమీ అనకుండా వెంట నడిచింది. మ్యాపు చదవడం నేను పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. మావాళ్లు దారి తప్పుతున్నారన్న కంగారులో, "వాగు మనకు ఎడమవైపు ఉండాలి, వెనక్కి రండి" అని ఇంగ్లీషులో గట్టిగా అరిచాను. అందరూ ఆగిపోయారు.

కవిత దగ్గరకొచ్చి తెలుగులో మెల్లగా అంది. "నాకు తెలుసు నాన్నా. కావాలనే వదిలేశా. మిస్టేక్ వాళ్లే ఫైండ్ చేయాలి. అప్పటిదాకా ఊరుకోవడమే నా టెస్ట్."

"ముందే చెప్పొచ్చు కదమ్మా."

"ఇంట్లోనే మాట్లాడవు. ఇక్కడ మాట్లాడతావని నాకేం తెలుసు?"

ప్రొఫెసరు గారు ఏదో రాసుకున్నారు. వచ్చే వారం కవిత ఇంకో బృందంతో మళ్లీ ఎక్కాలట. నన్ను మాత్రం రావద్దంది.

పిల్లలు తప్పు దారిన పోతున్నారని తెలిసీ, నోరు మెదపకుండా వెంట నడవగలిగినవారు మీలో ఉంటే, అదెలాగో నాకు రాయండి.