రెండు వైపులా రాసిన పెద్దమనిషి

రిటైరయ్యాక నేనుంటున్న రంగత్‌లో మా పక్కింటాయన పోయిన వారం కోళ్లగూటికి కొత్త కప్పు వేయించాడు. కప్పు కొత్తదే గాని రేకు కొత్తది కాదు. పాత సామాన్లలో ఎక్కడో దొరికిన ఆ రేకు మీద ఎర్ర రంగుతో వేసిన బ్లాకు నంబరు ఇంకా చెరిగిపోలేదు. సాయంత్రం వాన పడగానే దాని మీద మోత మొదలైంది. ఆ మోత ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు. సునామీలో ఇళ్లు పోయినవాళ్లకి పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల కట్టిచ్చిన రేకుల షెల్టర్లలో వాన పడిందంటే పక్కన కూర్చున్న మనిషి మాట కూడా వినపడేది కాదు. కోళ్లకీ ఆ మోత నచ్చలేదు కాబోలు, బయటికొచ్చి తడుస్తూ నిలబడ్డాయి. నేను లోపలికి వెళ్లి ఆ సంవత్సరాల డైరీలు తీశాను. యాభై ఏళ్లుగా నాకు డైరీ రాసే అలవాటు. ఎన్నింటికి లేచిందీ, ఏ కూర తిన్నదీ, ఆఫీసులో ఏ ఫైలు ఏ బల్ల మీదికి వెళ్లిందీ అన్నీ ఉంటాయి. తిరగేస్తే తేలిందేమిటంటే, ఆ రెండేళ్లలో మా ఆవిడ గురించి రాసినదానికంటే మా ఆవిడ అన్నగారి గురించి రాసిందే ఎక్కువ. ఒక రోజు పేజీలోనైతే "ఈరోజు కూడా నీలం చొక్కా" అన్న ఒక్క వాక్యం తప్ప ఇంకేమీ లేదు.

ఆయన నాకు బావగారు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరివీ శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి దీవుల్లో స్థిరపడ్డ కుటుంబాలే, ఇద్దరం ఇక్కడే పుట్టినవాళ్లమే, ఇద్దరం ఒకే ఆఫీసు. ఆయన హెడ్ క్లర్కు, నేను ఆయన కింద, వచ్చే కాగితాలూ పోయే కాగితాలూ నమోదు చేసే సీట్లో. పోర్ట్ బ్లెయిర్ హాడోలో ప్రభుత్వ క్వార్టర్సు ఇచ్చినప్పుడు కూడా మాకు కింది వాటా, ఆయనకి పై వాటా వచ్చాయి. ఆఫీసులో ఆయన పైనే, ఇంట్లోనూ ఆయన పైనే. జనం ఆయన్ని బడే బాబు అనేవారు. ఆ లెక్కన నన్ను ఛోటే బాబు, అంటే చిన్న బాబు, అనేవారు. నేను ఆరడుగుల మనిషిని. ఆయన నా భుజం దాకా వస్తారు. అయినా నేనే ఛోటే బాబుని. ఆయన హిందీలో ఉత్తరం రాస్తే ఉత్తరాది నుంచి వచ్చిన అధికారులే రెండోసారి చదువుకునేవారు. తెలుగులో మాట్లాడితే మా ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని వినేది. నేను మాట్లాడేటప్పుడు ఆమె గరిటె తిరుగుతూనే ఉండేది.

సునామీ రోజున ఆఫీసు కింది గదుల్లోకి నీళ్లొచ్చి ఫైళ్లన్నీ తడిసిపోయాయి. బావగారి తమ్ముడు ఆ ఉదయం ఒడ్డున పడవ దగ్గర ఉన్నాడు, మళ్లీ దొరకలేదు. పదిహేను రోజులకి ఆయన ఆఫీసుకొచ్చి, ఎవరితోనూ ఆ విషయం ఎత్తకుండా, మేడ మీద తాళ్లు కట్టించి కాగితాలు ఒక్కొక్కటే ఆరేయించారు. ఆరిన కాగితాలు అప్పడాల్లా గలగలలాడేవి, ఉప్పు వాసన వేసేవి. వాటిని కట్టడానికి ట్యాగులు కూడా లేవు. బావగారు వలలు అల్లే నైలాను దారం తెప్పించి ఫైళ్లన్నీ తనే కుట్టారు. ఎడమ మూలన ఒక ముడి వేసేవారు. వాళ్ల నాన్నగారు వల బాగుచేసేటప్పుడు వేసే ముడి అట. లాగినకొద్దీ బిగిసేది. నేను నేర్చుకుందామని వారం రోజులు ప్రయత్నించాను. ప్రతిసారీ జారిపోయింది.

మా అక్క కుటుంబం షెల్టర్లోనే ఉండేది. అక్క భర్త చేపలు పట్టేవాడు. అక్కడున్నవాళ్లంతా అదే పని. మొదటి ఏడాదంతా ఆ రేకుల వేడికి ఉడికిపోతున్నామని గోల పెట్టారు. రెండో ఏడు, పక్కా ఇళ్లు కొండ మీద కడతాం, ఇప్పుడే అక్కడికి తరలండి అని ఉత్తర్వు రాగానే, ఆ రేకులు వదిలి కదలమని రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. కొండ మీంచి రెండు బస్సులు మారితేగాని పడవ దగ్గరికి రాలేరు. వేట వేళకి బస్సులుండవు. వాళ్ల బాధ అదీ. మా ఆఫీసు పై అధికారి, సాహెబు, దానికి బగావత్ అని పేరు పెట్టారు, అంటే తిరుగుబాటు. పేరు పెట్టాక అది నిజంగానే పెద్దదైంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క వచ్చింది. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు నాకు తెలుసు. తలుపు తీద్దామని లేచాను. చప్పుడు మా గుమ్మం దాటి పైకి వెళ్లిపోయింది. గంటన్నర తర్వాత దిగి వచ్చి, మా ఇంట్లో టీ తాగుతూ కూర్చుంది.

"పైకెందుకెళ్లావక్కా?" అన్నాను.

"బావగారితో పనుండి ఎల్లాను. కాయితం ఒకటి రాయించాలి."

"నేను రాయలేనా?"

"నువ్వా? నీ కాడికొస్తే రూలు సెప్తావు తమ్ముడూ. నువ్వు గవర్మెంటోడివి."

"ఆయనా గవర్నమెంటే కదా!"

అక్క నన్నోసారి చూసి టీ చప్పరించింది. "ఔననుకో. గానీ ఆయన ముందు ఇంటాడు. అరే, నువ్వూ మంచోడివేలే, బురా మత్ మాన్, ఏటనుకోకు. మరదలా, పంచదార ఇంకొంచెం ఎయ్యి."

ఆ రోజు డైరీలో వాతావరణం గురించి రాసుకున్నాను.

గురువారం నాడు అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. హిందీ, చేతిరాత ఎవరిదో. కాని ఆ హిందీ ఎవరిదో నాకు రెండో వాక్యంలోనే తెలిసింది. పైగా నాలుగు కాగితాలూ నైలాను దారంతో కుట్టి ఉన్నాయి, ఎడమ మూలన ఆ ముడి. రాత మార్పించిన మనిషి ముడి మార్చడం మర్చిపోయారు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. నేను నంబరు వేసి, ముద్ర కొట్టి, సాహెబుకి పంపాను. సాయంత్రానికి జవాబు రాయమని ఆ అర్జీ బావగారి బల్ల మీదికే వచ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, తన అర్జీని తనే కొత్తగా చదువుతున్నట్టు చదివి, జవాబు రాశారు. మెత్తగా రాస్తారనుకున్నాను. కాదు. "మీ పిల్లలు నిద్రపోయే చోటికి సముద్రం మళ్లీ రాదని ఎవరు హామీ ఇవ్వగలరు?" అన్న వాక్యం అందులోదే. చదువుతుంటే నాకు ఆయన తమ్ముడే గుర్తొచ్చాడు. వారం తిరక్కుండా దానికి షెల్టర్ల నుంచి ఇంకా గట్టి జవాబొచ్చింది. "సముద్రం ఒక్కసారి చంపింది, దూరం రోజూ చంపుతుంది" అని. ఇలా మూడు విడతలు నడిచింది. ఊరంతా రెండు వైపుల ఉత్తరాలనీ మెచ్చుకుంది. అంత అందంగా తనతో తాను పోట్లాడుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ నెలలో ఆయన చిక్కిపోయారు. పై వాటాలో అన్నం సరిగా తినడం లేదని మా ఆవిడ బాధపడేది. నేను చిక్కిపోతే మాత్రం "మంచిదే, పొట్ట తగ్గింది" అంది.

ఆ నెలలోనే సూపరింటెండెంటు పదవికి రెండు పేర్లు వెళ్లాయి, ఆయనదీ నాదీ. ఆ పదవి ఆయనకే వస్తుందని అటెండరుకి కూడా తెలుసు.

ఒక ఉదయం సాహెబుకి సంతకాల ఫైళ్లు తీసుకువెళ్తూ, మూడో అర్జీనీ, బావగారు కుట్టిన ఒక పాత ఫైలునీ పక్కపక్కన పెట్టాను. రెండు ముడులూ సాహెబు వైపు తిప్పి పెట్టాను. నేనేమీ అనలేదు. ఏమీ అనకపోతే తప్పు నాది కాదని అప్పట్లో నా అభిప్రాయం. సాహెబు సంతకం పెడుతూ ఆగారు. ఒక ముడి మీద వేలు పెట్టారు, తర్వాత రెండో దాని మీద.

"యే దోనో ఏక్ హీ హాథ్ కా కామ్ హై క్యా?" అన్నారు. రెండూ ఒకే చేతి పనా అని.

ఆయన ఉత్తరాది మైదానాల మనిషి, వల ముడి సంగతి ఆయనకేం తెలుసు? ఇక్కడి తెలుగువాళ్లంతా ఇలాగే కుడతారండి అంటే అక్కడితో అయిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అదే క్షణంలో మెట్ల మీద అక్క చెప్పుల చప్పుడు గుర్తొచ్చింది, మా గుమ్మం దాటి పైకి వెళ్లిన చప్పుడు. "ఆఫీసులో ఈ ముడి వేసేది ఒక్కరే సార్," అన్నాను. అది అక్షరాలా నిజం. నా జీవితంలో చెప్పిన నిజాల్లో అంత చెడ్డది ఇంకొకటి లేదు.

సాహెబు కేకలు వెయ్యలేదు. మర్నాడు, ఖాళీ చేయమన్న చివరి ఉత్తర్వుని రోడ్డు మీద కూర్చున్నవాళ్లకి బడే బాబే చదివి వినిపించాలని మాత్రం ఆదేశించారు. కాగితాలు మోయడానికి నన్ను వెంట పంపారు. పది గంటల ఎండ. వెనక రేకులు కళ్లు తెరవనివ్వకుండా మెరుస్తున్నాయి. ముందు వరసలో చాప మీద మా అక్క కూర్చుంది. బావగారు నిలబడి ముందు హిందీలో, తర్వాత తెలుగులో, ఒక్క మాటా తగ్గించకుండా, ఒక్క మాటా మింగకుండా చదివారు. సముద్రం మళ్లీ రాదని ఎవరు హామీ ఇవ్వగలరన్న వాక్యం అందులోనూ ఉంది. అక్కడికి వచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచీ చదివారు.

"బాగా సదివారు బాబూ," అంది ఒక ముసలావిడ. "ఇప్పుడేటి సేద్దామంటారు?"

బావగారు కాగితం మడిచి నా చేతికిచ్చారు. బీరువా తాళాలు తీసి అవీ ఇచ్చారు. "ఇంతవరకూ చదివింది ఉద్యోగం. దాన్ని సగంలో వదల్లేదు, మీరే సాక్షి," అన్నారు నాతో. చెప్పులు విడిచి, చాప దగ్గరికి వెళ్లారు. మా అక్క పక్కవాళ్లని మోచేత్తో పొడిచింది. "జరగండే, జగా ఇవ్వండి! బావగారు కూకుంటారు." అందరూ జరిగారు. నేను ఎండలో తాళాలు పట్టుకుని నిలబడ్డాను. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. నిజం చెప్పాలంటే, ఆయన పోగొట్టుకున్నదాని గురించి ఆ పూట నేనేమీ ఆలోచించలేదు. ఆ చాప మీద ఆయనకి దొరికిన ఆ మూరెడు చోటునే చూస్తూ ఉండిపోయాను.

ఇంకో పన్నెండు రోజులకి ప్రభుత్వం దిగివచ్చింది. పడవలున్న కుటుంబాలకి ఒడ్డుకి నడిచిపోయే దూరంలో స్థలం చూపించారు. అక్క ఇప్పటికీ అక్కడే ఉంటోంది. బావగారిని దక్షిణాన దూరపు దీవికి బదిలీ చేశారు, హెడ్ క్లర్కుగానే రిటైరయ్యారు. సూపరింటెండెంటు పదవి నాకొచ్చింది. వెళ్లే ముందు రోజు ఆయన మా వాటాకి దిగి వచ్చి కాఫీ తాగారు. నేను తల ఎత్తలేదు.

"ఆ ముడి విప్పేసి పంపాల్సింది బావగారూ, నాదే పొరపాటు," అన్నారు. "తెలిశాక మీరు మాత్రం ఏం చేస్తారు? ఒకందుకు మేలే అయ్యింది. రెండు వైపులా నేనే రాస్తుంటే, రెండూ నాకు నిజమే అనిపించేవి. అన్నం సహించేది కాదు. ఇప్పుడు సహిస్తోంది." ఆ మాట అని మా ఆవిడ పెట్టిన ఉప్మా రెండోసారి వడ్డించుకున్నారు. క్షమించేముందు, క్షమాపణ అడిగే అవకాశమైనా నాకు ఇవ్వకూడదా అనిపించింది.

ఆ తర్వాత అక్క కాగితాలు రాయించుకోవడానికి నా దగ్గరికే వచ్చేది. ఇంకెవరున్నారు గనక? రాసి చదివి వినిపిస్తే, "బాగుంది తమ్ముడూ, బావగారైతే..." అని మొదలుపెట్టి, ఆగి, పంచదార అడిగేది.

బావగారు పోయి నాలుగేళ్లయింది. నాకంటే రెండేళ్లు పెద్దవారు గనక, ఆయన ఆగిపోయిన వయసుకి రెండేళ్లకి చేరి, పోయిన ఏడాది దాన్ని దాటాను. ఆయన్ని నిజంగా దాటింది ఈ ఒక్కదానిలోనే, అది కూడా నేను చేసింది కాదు, కాలం చేసింది.