మావయ్య పెట్టెలో రైలింజను

మా మావయ్యగారి మాట ఎవరెత్తినా దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది. మంచి మనిషి, పాపం ఆఖర్న మతి ఉండేది కాదు, అంటారు. బంధువులు అంటారు. చర్చిలో అంటారు. కన్నకొడుకులే, మా ఆయనతో సహా, అంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా పొయ్యి మీద ఏదో పెట్టినట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఎన్నో ఏళ్ళుగా ఇలాగే లేచి వెళ్ళిపోతున్నాను. విసుగొచ్చేసింది. నా మీద నాకే విసుగు. మీరెవరో నాకు తెలీదు, అదే నయం. తెలిసినవాళ్ళకి చెప్పబోయి మాట మార్చేస్తున్నాను. అందుకని ముందు మీకు చెబుతాను.

మాది చోడవరం. మావయ్య గోవాడ చెరకు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్య పోయిన తర్వాత ఆయనకి రైలు పిచ్చి పట్టుకుంది. విశాఖలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన పాత కరెంటు రైలు బొమ్మ అది. ఆకుపచ్చ ఇంజను, రెండు పెట్టెలు, కాసిని పట్టాలు. మిగతాదంతా ఆయన చేతిపనే. బిస్కెట్ డబ్బాల రేకు కత్తిరించి పెట్టెలు చేశారు. సైకిలు చువ్వలతో సిగ్నళ్ళు చేశారు. మా ఊరికి రైలు లేదు, ఎక్కాలంటే అనకాపల్లి పోవాలి. మా హాల్లో మాత్రం చోడవరం స్టేషనుండేది, గోవాడ ఉండేది, రావికమతం ఉండేది. అట్టముక్కల మీద పసుపు రంగేసి నల్లటి అక్షరాలతో పేర్లు రాసి నిలబెట్టేవారు.

క్రిస్మస్ సెలవులకి మా మరిది సుధాకర్ వాళ్ళు, మా ఆడపడుచు వాళ్ళు పిల్లలతో సహా దిగేవారు. వచ్చిన రోజే పట్టాలు పరచడం మొదలు. వీధి గుమ్మం దగ్గర్నుంచి క్రిస్మస్ చెట్టు చుట్టూ తిరిగి, సోఫా కింద నుంచి దూరి, స్నానాల గదికెళ్ళే దారికి అడ్డంగా పోయి మళ్ళీ గుమ్మం దగ్గరికి. పిల్లలు చెరకు గడ ముక్కలు పుల్లల్లా చీల్చి వేగన్లలో నింపేవారు. గోవాడలో దింపేవారు. ఒకడు స్టేషను మాస్టరు, ఒకతె గార్డు. మా ఆయన, మరిది కూడా లుంగీలు ఎగ్గట్టుకుని నేల మీద బోర్లా పడుకుని చక్రాలు సరిచేసేవారు. ఏడాదంతా ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుకునే అన్నదమ్ములు ఆ రైలు దగ్గర నవ్వుకోవడం నేను చూశాను. చూడముచ్చటగానే ఉండేది. అది కూడా చెప్పకపోతే నేను రాసేది సగం అబద్ధమవుతుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి మావయ్య నా చేతికీ రెగ్యులేటరు ఇచ్చి, మెల్లిగా తిప్పమ్మా, అది నీ మాటే వింటాది అన్నారు. నిజంగానే విన్నది.

కానీ ఆ సెలవులు ఎవరికి సెలవులు? పది పన్నెండు మందికి వంట. ఆ పట్టాల మీంచి కాళ్ళెత్తుకుంటూ టీ పళ్ళెం పట్టుకెళ్ళాలి. ఊడవడానికి లేదు, తడిగుడ్డ పెట్టడానికి లేదు, కరెంటు ఉంది జాగ్రత్త అనేవారు. ఎవరైనా ఒక్క పూట వంటింట్లోకి వచ్చి నిలబడ్డారా అంటే లేదు. అడిగానా నేను? అడగలేదు. అడగకుండా లోపల్లోపల రగులుతూ ఉండడం నాకు అలవాటు. ఇప్పుడనిపిస్తోంది, ఒక్కసారి గట్టిగా అరిచి ఉంటే ఈ పాపం నా మెడకి చుట్టుకునేది కాదేమో అని.

ఒక ఏడాది పండక్కి మా అమ్మని పిలిచాను. అమ్మ రోలుగుంటలో ఒక్కత్తే ఉండేది. మోకాళ్ళు పనిచెయ్యవు. హాల్లో మంచం వేస్తే పట్టాలకి అడ్డమని వెనక వసారాలో వేశారు. డిసెంబరు చలి. స్నానాల గదికి వెళ్ళాలంటే పట్టాలు దాటాలి. దారిలో ఆ ఒక్క ముక్క తియ్యమని మా ఆయన్ని అడిగాను. నాన్ననడుగు అన్నారు. మావయ్యని అడిగితే, అది తీస్తే రైలు తిరగదమ్మా, పండగెళ్ళాక తీసేద్దాం అని నవ్వుతూ అన్నారు. ఆయన మనసులో చెడు లేదు. అమ్మ మోకాళ్ళు ఆయన కంట పడలేదంతే. కంటపడకపోవడం తప్పు కాదా? నాకు అప్పుడది చాలా పెద్ద తప్పుగా కనపడింది.

ఇరవై నాలుగో తారీకు పొద్దున్న అమ్మ కాలు పట్టా మీద పడింది. పట్టా వంగింది, రైలు పడిపోయింది. పిల్లలు గొల్లుమన్నారు. అమ్మ అందరికీ వినబడేలా, ఇంటి దగ్గర పనుందే, ఎల్లొస్తాను అంది. పండగ పూట ఉండమని ఒక్కరూ గట్టిగా అనలేదు. వీధి చివర షేర్ ఆటో ఎక్కించి వచ్చాను. వచ్చేసరికి హాల్లో మావయ్య సుత్తితో పట్టా సాఫు చేస్తున్నారు, అందరూ చుట్టూ మూగి చూస్తున్నారు.

మధ్యాహ్నం అందరూ చర్చిలో రంగు కాగితాలు కట్టడానికి వెళ్ళారు. నాకు పిండి వంట ఉంది. పొయ్యి కట్టేసి హాల్లోకి వచ్చాను. ఇంజను చోడవరం స్టేషన్లో నిలబడి ఉంది. దాన్ని తీసి చెంగులో చుట్టి, వంటింట్లో మినప్పప్పు డబ్బాలో అడుక్కి తోసేశాను. ఎందుకు? ఒక్క పూట అది ఆగాలి. అంతే. అంతకు మించి ఏమీ అనుకోలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. ఆయన మొహం ఎలా అవుతుందో చూడాలని కూడా ఉంది.

చూశాను. సాయంత్రం వెతికారు. సోఫా జరిపారు, చెట్టు ఎత్తారు, పిల్లల సంచులు దులిపారు. పిల్లలు ఏడ్చారు. నన్ను ఎవరూ అడగలేదు. అనుమానించాల్సిన మనుషుల్లో నేను లేనే లేను. అప్పుడు సుధాకర్ అన్నాడు, నాన్నకి ఈ మధ్య మరుపెక్కువైంది, ఎక్కడో ఎట్టేసుంటాడు అని. మా ఆయన తల ఊపారు. మావయ్య లేదురా, లేదురా అని రెండుసార్లు అని ఊరుకున్నారు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానని ఆయన అప్పుడప్పుడు అడిగేవారు. ఎవరు అడగరు?

క్రిస్మస్ రోజు రైలు లేదు. హాలు ఖాళీగా ఉంది. పిల్లలు ఫోన్లు పట్టుకుని మూలల్లో కూచున్నారు. నాకు సంతోషం కలగలేదు. భయం మొదలైంది. తిరిగి ఇచ్చేయాలి, కానీ ఎలా? మినప్పప్పు డబ్బాలో దొరికితే నా పేరు బయటికొస్తుంది. హాల్లో పెడితే, అంతా వెతికిన చోటే కదా, ఎవరో పెట్టారని తెలిసిపోతుంది. అందరూ ఆరాధనకి వెళ్ళి ఉండగా తలనొప్పని నేను ముందొచ్చేసి, ఇంజను తీసుకెళ్ళి మావయ్య ట్రంకు పెట్టెలో, ఆయన బట్టల మధ్య పెట్టేశాను. ఆయన వస్తువు ఆయన పెట్టెలో దొరికితే ఎవరికీ నష్టం లేదనుకున్నాను. నేను ఎంత తెలివైనదాన్నో చూడండి.

మర్నాడు మావయ్యకి చొక్కా తియ్యడానికి పెట్టె తెరిచింది మా ఆయనే. ఇంజను ఎత్తి అందరికీ చూపించారు. ఎవరూ కోప్పడలేదు. అదే ఘోరం. అందరూ జాలిగా చూశారు. మా ఆడపడుచు వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది. మావయ్య ఆ ఇంజన్ని కొత్త వస్తువులా అటూ ఇటూ తిప్పి చూశారు. రైలు వెయ్యలేదు.

ఆ సాయంత్రం వెనక వసారాలో ఒంటరిగా ఉంటే టీ పట్టుకెళ్ళాను. గ్లాసు అందుకోకుండా నన్ను కూచోమన్నారు.

"అమ్మా, ఆళ్ళందరూ ఏదేదో అంతన్నారు. ఆళ్ళ మాట నాకక్కర్లేదు. నువ్వు రోజూ ఇంట్లో ఉంటావు, నువ్వు అబద్దం ఆడవు. నాను ఆ పెట్టి తియ్యడం నువ్వు సూసేవేటి?"

ఆయన మొహంలో ఆశ ఉంది. లేదు మావయ్యా అంటే చాలు. ఇంకేమీ ఒప్పుకోనక్కర్లేదు. ఆ ఒక్క మాటతో మనిషి నిలదొక్కుకునేవారు. కానీ లేదంటే మరి ఎవరు అన్న ప్రశ్న వస్తుంది.

"చూసేను మావయ్యా. పండగ ముందురోజు, చర్చికెళ్ళే ముందర పెట్టె తీసి ఏదో సర్దుతన్నారు."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అయితే నిజవేనన్నమాట. నాకు గ్యాపకం నేదమ్మా. నువ్వు సెప్పేవు కాబట్టి నమ్ముతన్నాను."

టీ చల్లారిపోయింది. నేనే పట్టుకొచ్చి పారబోశాను.

తర్వాత జరిగింది మెల్లగా జరిగింది. కొడుకులు ఆయన మోపెడ్ తాళం తీసుకున్నారు, ఎక్కడికైనా వెళ్ళి దారి మర్చిపోతారని. ఆయన ఇచ్చేశారు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేది ఆయనే. పాస్టరుగారిని పిలిచి, చదివిందే మళ్ళీ చదివేస్తానేమో, ఇంకెవరికైనా ఇవ్వండి అన్నారు. ఒక్కసారి కూడా తప్పు చదివిన మనిషి కాదు. గ్యాస్ కట్టేనా అమ్మా, గేటు గడియ ఏసేనా అమ్మా, నాను అన్నం తిన్నానా అమ్మా. అన్నీ నన్నే అడిగేవారు. అన్నీ ఆయన చేసినవే. కట్టారు మావయ్యా, వేశారు మావయ్యా, తిన్నారు మావయ్యా అని చెబుతూ ఉండేదాన్ని. ఒక్కోరోజు ఆ అడగడానికే చిరాకొచ్చి కసిరాను కూడా. అనకాపల్లిలో డాక్టరు ఏవేవో ప్రశ్నలడిగి, ఈ వయసుకి బాగానే ఉన్నారన్నాడు. ఈ రోజు బాగున్నాడులెండి, అని మా ఆయన నిట్టూర్చారు.

పట్టాలు అటక మీదికి వెళ్ళిపోయాయి. నా చేత్తో వద్దులే, తప్పు పెడితే కరెంటు కొడతాది పిల్లలకి, అన్నారు మావయ్య. ఆ తర్వాతి క్రిస్మస్‌కి సుధాకర్ వాళ్ళు ఒక్క పూట ఉండి వెళ్ళారు. ఆ పై ఏడాది రాలేదు. నేను కోరుకున్న ఖాళీ హాలు నాకు దొరికింది. మా అమ్మ మళ్ళీ రాలేదు.

మావయ్య నిద్రలోనే పోయారు. ఎవరికీ భారం కాకుండా పోయారని అందరూ అన్నారు. చర్చిలో ప్రభువు బల్లలో చెయ్యి వేసి రొట్టె, ద్రాక్షరసం తీసుకున్న ప్రతిసారీ క్షమించమని అడిగాను. ఎవరిని అడుగుతున్నాను? అన్యాయం చేసింది ఎవరికి? బతికుండగా ఎదురుగా కూచున్న మనిషిని అడగలేని దాన్ని, కనపడని దేవుణ్ణి ఎంత సులువుగా అడిగేస్తున్నాను. ఇంకొకటి కూడా ఉంది. నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మా అమ్మ గురించి కాదు. నన్ను అంత తేలిగ్గా ఎందుకు నమ్మారని. తన బుర్ర కంటే నా మాట ఎందుకు ఎక్కువైందని. ఇది న్యాయమైన కోపం కాదని తెలుసు. అయినా ఉంది.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా ఆయన ఈ మధ్య బండి తాళాలు మర్చిపోతున్నారు. వయసొచ్చింది, అంతే. ఆయన మాత్రం మొన్న మంచం మీద కూచుని, నాన్న జబ్బు నాకూ వచ్చినట్టుంది అన్నారు. విశాఖ వెళ్ళి స్కానింగు తీయించుకుంటానన్నారు. పిల్లలకి కూడా వస్తుందేమోనన్నారు. నా అబద్ధం ఒక తరం దాటిపోతోంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆపేశాను.

ఇవాళ మధ్యాహ్నం చెప్పాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూచున్నాను. మావయ్య ఏదీ మర్చిపోలేదు, ఇంజను తీసింది నేను, పెట్టెలో పెట్టింది నేను, చూశానని ఆయనకి చెప్పింది నేను, అన్నాను. ఏడవలేదు. మా అమ్మ సంగతి ఎత్తలేదు, ఎత్తితే సాకు అవుతుందని. ఆయన పేపరు మడిచారు. నాన్న నిన్నే అడిగేడా అన్నారు. అవునన్నాను. లేచి వెనక వసారాలోకి వెళ్ళి కూచున్నారు.

అన్నం వడ్డించి పిలిచాను. రాలేదు. మళ్ళీ పిలవలేదు. ఆయన క్షమించకపోవచ్చు. తమ్ముడికీ చెల్లెలికీ ఫోన్ చెయ్యొచ్చు, చేస్తే కాదనను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నాకు ఆకలేసింది. ఇన్నేళ్ళలో అలాంటి ఆకలి ఎరగను. వంటింట్లో పీట వేసుకుని కూచుని తిన్నాను. కూర రెండోసారి వేసుకున్నాను. ఆయన ఇంకా వసారాలోనే ఉన్నారు.