పిడికిలి మీద బొటనవేలు

పందొమ్మిది వందల యాభైల నాటి అమెరికాలో, ఓక్లహోమాలో, ఎగిరిపడే గుర్రం మీంచి పడకుండా నిలిచే పోటీల వాళ్లకి ఓ కట్టుబాటు ఉండేది. లొంగని గుర్రం ఎక్కేముందు, దాన్ని ఇదివరకే ఎక్కినవాణ్ణి పగ్గం ఎంత పొడుగు వదిలి పట్టుకోవాలో అడుగుతారు. అడిగినవాడు పగవాడైనా సరే, నిజమే చెప్పాలి.

ఆర్విల్, డోయల్ అలాంటి రౌతులే, అన్నదమ్ములు. తండ్రి పోతూ పోతూ పశువుల బీడంతా పెద్దకొడుకు ఆర్విల్ పేర రాశాడు. అప్పట్నుంచి తమ్ముడు డోయల్ అతనితో మాట్లాడలేదు. ఆ ఎండాకాలం పోటీలో డోయల్ వంతుకి వచ్చిన నల్లగుర్రాన్ని అంతకుముందు ఎక్కినవాడు ఆర్విల్ ఒక్కడే.

డోయల్ అడగలేదు. ఆర్విలే కంచె దగ్గరికి వెళ్లాడు.

"ఒరే, అది తల బాగా కిందికి దించుతుంది. పగ్గం మీద పిడికిలి పెట్టి, దానిమీద బొటనవేలు చాపు. మామూలుకన్నా అంత పగ్గం ఎక్కువ వదులు."

"బీడు చాల్లేదా అన్నా, అంత వదిలి వెనక్కి పడి నా నడుం కూడా విరగాలా?" అన్నాడు డోయల్. చుట్టూ ఉన్నవాళ్లు పకాలున నవ్వారు.

డోయల్ పంతంకొద్దీ పగ్గాన్ని పొట్టిగానే పట్టాడు. గుర్రాన్ని నిలిపిన ఇరుకు దొడ్డి తలుపు తీయగానే అది తల దించి, పగ్గంతోపాటు అతన్నీ ముందుకి లాగేసింది. కిందపడ్డ డోయల్ మెడ విరిగింది.

సమాధి దగ్గర తల్లి ఎఫీ ఆర్విల్‌ని పక్కకి పిలిచింది. ఆమె పుట్టిందీ మెట్టిందీ రౌతుల ఇళ్లలోనే.

"వాడికి ఎంత చెప్పావురా?"

అతను పిడికిలి బిగించి, బొటనవేలు చాపి చూపించాడు. ఆమె ఆ చేతిని చాలాసేపు పట్టుకుంది.

"సరిగ్గానే చెప్పావు నాయనా. పరాయివాడెవడైనా చెప్పుంటే నా బిడ్డ బతికేవాడు."

ఆ తర్వాత ఆర్విల్ ఏ కొత్త గుర్రమూ ఎక్కలేదు. ఎక్కితే, దాని సంగతి ఎవరికో ఒకరికి చెప్పాల్సి వస్తుందని.