మస్తానమ్మ కారును తోయించిన రోజు

మంత్రసాని మస్తానమ్మ నోటికి బోగోలు చుట్టుపక్కల భయపడనివాళ్ళు లేరు. సముద్రపు ఒడ్డున పాలెంలో ఒంటరిగా ఉండేది. కాన్పు అని కబురొస్తే తింటున్న కంచం వదిలి వచ్చేది. వచ్చాక మాత్రం నీళ్ళు కాగలేదనో, గుడ్డలు ఉతకలేదనో ఎవరినో ఒకరిని తిట్టకుండా పని మొదలుపెట్టేది కాదు. బిడ్డ ఏడుపు వినబడగానే ఆ కోపమంతా పోయేది. పోని కోపం ఆమె బతుకులో ఒక్కటే. అది పద్మనాభయ్య మీద.

పద్మనాభయ్య బోగోలులో మోతుబరి రైతు. అరవై మూడులోనో అరవై నాలుగులోనో మద్రాసు నుంచి కారు తెచ్చాడు. ఒట్టి కారయితే జనం రెండు రోజులు చూసి ఊరుకునేవాళ్ళు, కానీ అందులో రేడియో ఉంది. ఇంజను ఆపేసి, తలుపులు బార్లా తెరిచి, వాకిట్లోనే అందులో కూర్చుని పాటలు వినేవాడు. కారు కదిలేటప్పుడు డిక్కీలో ఇంజను తిప్పే హ్యాండిలు గడగడలాడి పాట చెడగొడుతోందని దాన్ని తీసి ఎక్కడో పడేశాడు.

ఆ వేసవిలో అదే ఊళ్ళో పోలేరయ్య భార్య పిచ్చమ్మకు నొప్పులొచ్చాయి. మస్తానమ్మ కడుపు తడిమి చూసింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది.

"ఇది నా చేతిలో పని కాదు. కావలి ఆసుపత్రికి పోవాల" అని ఎడ్లబండి కట్టించింది. బండి మీద కావలి చేరేలోగా మనిషి దక్కదని తెలిసి, దాన్ని పద్మనాభయ్య వాకిట్లో ఆపించింది.

అక్కడ పొద్దుటి నుంచీ రేడియో మోగుతోంది. నాయుడుపేట నుంచి వచ్చిన బావమరిది జయకుమార్‌కు పద్మనాభయ్య స్టేషన్లు తిప్పి చూపిస్తున్నాడు.

"అబ్బయ్యా, పిచ్చమ్మ చస్తా వుండాది. కారు తియ్యి."

పద్మనాభయ్య మారుమాట లేకుండా స్టీరింగు ముందుకు జరిగి సెల్ఫ్ కొట్టాడు. ఇంజను ఒకసారి మూలిగింది. మళ్ళీ కొడితే ఆ మూలుగు కూడా లేదు.

"బ్యాటరీ దిగిపోయిందవ్వా. పొద్దుటి నుంచీ రేడియో పెట్టినాం గదా."

"చేత్తో తిప్పే కడ్డీ ఉంటాదే, అది యాడ?"

అతను నీళ్ళు నములుతూ సంగతి చెప్పాడు. మస్తానమ్మ ముఖం జేవురించింది.

"పాటకు అడ్డమని పారేసినావా? నీ పాట పాడుగాను!" అని, సిల్కు జుబ్బాలో కూర్చున్న జయకుమార్ రెక్క పట్టి బయటికి లాగింది. "నువ్వూ విన్యావు గదా? దిగు. తొయ్యి!"

జయకుమార్, పోలేరయ్య, బండివాడు తోశారు. మస్తానమ్మ కూడా భుజం ఆనించి, తోస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. వీధి చివర ఇంజను అందుకుంది. పిచ్చమ్మను ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి, తల మస్తానమ్మ ఒళ్ళో పెట్టారు.

ఆ హడావుడిలో రేడియో కట్టెయ్యడం ఎవరికీ తోచలేదు. ఊరు దాటాక ఇంజను నుంచి కరెంటు అంది, అది వేడెక్కి ఒక్కసారిగా పాట అందుకుంది. పిచ్చమ్మ మూలుగుతోంది, రేడియో పాడుతోంది. మస్తానమ్మ సీటు మీదుగా వంగి చేతికందిన మర పట్టి తిప్పింది. పాట ఇంకా పెద్దదయింది. పట్టి లాగబోయింది.

"అవ్వా, అట్ట పీకబాక! ఇరిగిపోద్ది!" అని పద్మనాభయ్య ఆమె చేయి పక్కకు నెట్టి, రెండు వేళ్ళతో మెల్లిగా దాన్ని ఆపాడు.

మస్తానమ్మ వెనక్కి జరిగి పిచ్చమ్మ తల పట్టుకుంది. ఆమె తిట్టకుండా ఉండడం ముందు సీట్లో కూర్చున్న పోలేరయ్య అంతకుముందెప్పుడూ చూడలేదు.

కావలిలో పిచ్చమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరమ్మ అంది. ఆసుపత్రి ఆవరణలో పద్మనాభయ్య మస్తానమ్మకు ఎదురొచ్చాడు.

"నేనేమన్నా కావాలని చేసినానా అవ్వా?"

"కావాలని చేసుంటే పోలేరయ్య నిన్ను నరికుండేవాడు, నాకు పని తప్పేది. అడ్డమొచ్చిందని కడ్డీ పారేసినావు. ఆ పిల్ల పానం పోతుంటే నీకు రేడియో ఇరుగుతాదని దిగులు!" అని అరిచింది. ఆవరణలో జనమంతా తిరిగి చూశారు. పద్మనాభయ్య తల వంచుకున్నాడు.

రెండేళ్ళకు పద్మనాభయ్య కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. మస్తానమ్మను పిలవడానికి అతనే పాలెం నడిచి వెళ్ళాడు. ఆమె వచ్చింది. కాన్పు చేసి, మనవరాలిని అతని భార్య రాఘవమ్మ చేతుల్లో పెట్టింది. ఇచ్చిన చీర తీసుకుంది. అతనితో మాత్రం ఒక్క మాట ఆడలేదు.

"ఇంకా కోపం పోలేదా అవ్వా?" అంది రాఘవమ్మ.

"బిడ్డల మీద నాకేం కోపం? పిలిస్తే మళ్ళీ వస్తా" అంది మస్తానమ్మ చేతులు కడుక్కుంటూ. "నీ మొగుడి మీద మాత్రం పోదు. పోగొట్టుకోను కూడా."