మొదలు బోల్టు

టెలిఫోన్ లైన్ల వాళ్లందరూ ఆయన్ని డొల్ల మేస్త్రి అనేవారు. ముఖం మీదే అనేవారు, ఆయనా పలికేవాడు. కర్ర స్తంభం ఎక్కే ముందు దాని అడుగున సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, చెవి ఆనించి, ఒకే మాట చెప్పేవాడు. "గట్టి", లేదా "డొల్ల". ఆయన డొల్ల అన్న స్తంభం ఎవరూ ఎక్కేవారు కాదు. ఒకసారి ఆఫీసు గుమాస్తా సరదాకి తల వంచి, "నాదీ ఓసారి కొట్టి చూడు మేస్త్రీ" అన్నాడు. "దాన్నెవరూ ఎక్కరు కదా, చూడ్డం ఎందుకు" అని మేస్త్రి తన దారిన తాను పోయాడు.

లైన్ల ఆఫీసు వెనక సందులో నాదొక కొలిమి షెడ్డు. వాళ్లకు కావలసిన బోల్టులు, పట్టీలు, కొక్కేలు నేనే కొట్టి ఇచ్చేవాణ్ణి. పని లేని పూట మేస్త్రి వచ్చి పీట లాక్కుని కూర్చునేవాడు. నన్ను కొలిమీ అనే పిలిచేవాడు. మాట తక్కువ. నా బోల్టులో వంకర కనబడితే నోటితో చెప్పేవాడు కాదు. దాన్ని తీసి నా ఎదురుగా నేల మీద దొర్లించేవాడు. ఎగిరెగిరి దొర్లితే నాకే తెలిసిపోయేది.

ఆయన తండ్రి కలప అడితిలో రంపం లాగేవాడు. ఆయన దుంగల మధ్యే పెరిగాడు. ఐదో తరగతితో బడి మానేసి, స్తంభాలు మోసే కూలీగా చేరి, ఎదుగుతూ మేస్త్రి అయ్యాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో పుచ్చు స్తంభం విరిగి పడ్డవాళ్లను ఇద్దర్ని తన భుజం మీద మోసుకొచ్చాడు. ఇద్దరూ బతకలేదు. ఆ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ నేను అడిగితే.

స్తంభం గురించి ఆయన కనిపెట్టింది చిన్న విషయమే. కర్ర పైన పుచ్చదు, అక్కడ ఎండ తగులుతుంది. లోతున పుచ్చదు, అక్కడ గాలి ఆడదు. నేలా గాలీ కలిసే చోట, కిందికి జానెడు, పైకి జానెడు, అక్కడే పుచ్చుతుంది. ఆ రెండు జానల కోసం ఇరవై అడుగుల కర్రను పారేస్తున్నాం. "చెప్పు తెగిందని కాలు తీసేసుకుంటామా?" అనేవాడు.

అందుకని కర్రను అసలు నేలకే తగలనివ్వకూడదనుకున్నాడు. నా షెడ్డు వెనక చెక్క పెట్టెలో పాత చువ్వలు పరిచి, సిమెంటు పోసి, దిమ్మెలు చేశాం. ఒక్కోటి ఎనిమిది అడుగులు, సగం నేలలో, సగం పైన. రెండు దిమ్మెల మధ్య కర్రను నిలబెట్టి, దాని అడుగు నేలకు జానెడు ఎత్తున ఉండేలా చూసి, మూడింటినీ కలిపి అడ్డంగా రెండు బోల్టులు దూర్చాం. ఒకటి మోకాలి కింద, ఒకటి నిలబడితే చేతికందే ఎత్తున. తీగ విప్పేసి, కర్రకు అటూ ఇటూ తాళ్లు కట్టి, పై బోల్టు లాగేస్తే, కర్ర కింది బోల్టు మీద తలుపు బందు మీద తిరిగినట్టు తిరుగుతుంది. తాళ్లు వదులుతూ మెల్లగా నేల మీద పడుకోబెట్టొచ్చు. తీగ చుట్టే పింగాణీ కప్పు పగిలినా, కర్ర చీలినా, నేల మీదే బాగు చేసి మళ్లీ లేపొచ్చు. ఎవడూ ఎక్కక్కర్లేదు. ఎక్కనివాడు పడడు.

కింది బోల్టు విప్పితే మాత్రం కథ వేరు. అప్పుడు కర్ర పై బోల్టు మీద తిరుగుతుంది. తల ఒకవైపు వాలిందంటే అడుగు రెండోవైపు ఎగిరి తంతుంది. మేస్త్రికి అది తెలుసు.

"కొలిమీ, ప్రతి స్తంభానికీ ఒక దిమ్మె మీద పెయింటుతో రాయి" అన్నాడు.

"ఏం రాయమంటావు?"

"మొదలు బోల్టు విప్పరాదు."

దిమ్మె వెడల్పు బెత్తెడు. ఒకదాని కింద ఒకటి మూడు మాటలు పట్టాయి. ఎర్ర పెయింటుతో ముప్పై చోట్ల రాశాను. అక్షరాలు కుదురుగా ఉన్నాయని మేస్త్రి తల కూడా ఊపాడు. ఆయన తల ఊపడమంటే మాటలు కాదు.

ఊళ్లోని ఎక్స్ఛేంజీ నుంచి వాగు అవతలి పల్లెకు పోయే లైను మీద ఆ ముప్పై స్తంభాలూ నిలబెట్టారు. ఇంజనీరు గారు ఒక షరతు పెట్టారు. "ఏడాది చూద్దాం మేస్త్రీ. ఒక్క ప్రమాదం జరక్కపోతే మన పల్లె లైన్లన్నిటికీ ఇవే వేయిస్తాను. మధ్యలో ఏదైనా జరిగితే మాత్రం ఏడాది లెక్క మళ్లీ మొదటికొస్తుంది."

ఏడాది నిండిన మరుసటి నెలే మేస్త్రి రిటైరవుతాడు. ఆయన ఉద్యోగంలో ఉండగా తేలితే తేలినట్టు. తర్వాత ఆ స్తంభం గురించి మాట్లాడే నాథుడుండడు, అందరి కళ్లూ కొత్తగా వస్తున్న ఇనప గొట్టాల స్తంభాల మీదే ఉన్నాయి. ఆయన ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు. నెల మారిన రోజున మాత్రం షెడ్డుకొచ్చి "ఆరు" అనో "ఏడు" అనో అని పీట మీద కూర్చునేవాడు.

"పది" అని కూడా అన్నాడు. ఆ తర్వాత పదకొండో రోజు పొద్దున నేను బోల్టు తల కొడుతున్నాను, ఆయన పట్టకారు పట్టుకున్నాడు. లైన్‌మన్ ఒకడు సైకిలు షెడ్డు గోడకు గుద్ది దిగాడు.

"మేస్త్రీ, మీ బావమరిది. పదిహేడో నంబరు దగ్గర. కర్ర ఎగిరి తన్నింది."

"ఏ బోల్టు?" అన్నాడు మేస్త్రి.

వాడికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. "కాలు మేస్త్రీ. మోకాలి కింద. ఎముక బయటికొచ్చింది."

"ఏ బోల్టు విప్పాడు?"

"కిందిది."

పట్టకారు ఆయన చేతిలోంచి జారలేదు. జారితే బాగుండేది. ఎర్రగా కాలిన ముక్కను అలాగే పట్టుకుని, అది నల్లబడేదాకా కదలకుండా నిలబడ్డాడు. నేను చేతిలోంచి పట్టకారు లాక్కోవలసి వచ్చింది.

ఆసుపత్రి వసారాలో బల్ల మీద ఆయన భార్య కూర్చునుంది. పడ్డవాడు ఆమెకు స్వయానా తమ్ముడు. వాడికి పని నేర్పింది మేస్త్రే. ఆమె మొగుడి వైపు చూడలేదు, నాతో మాట్లాడింది.

"కాలు విరిగిందని కబురొస్తే ఏ బోల్టు అని అడిగాట్ట. విన్నావా అన్నయ్యా?"

"కంగారులో అన్నాడు చెల్లెమ్మా."

"కంగారా? పాతికేళ్ల కాపురంలో నేనెప్పుడూ చూళ్లేదు. రేపు నేను పోయినా ఏ బోల్టు ఊడింది అంటాడు."

మేస్త్రి లోపలికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. బావమరిది కాలికి కట్టు కట్టి, ఎత్తుగా పెట్టి ఉంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. అయినా మమ్మల్ని చూసి నవ్వబోయాడు.

"నువ్వు రాయించినట్టే చేశాను బావా."

"రాయించినట్టా?"

"తీగ విప్పాను. తాళ్లు కట్టించాను. అంతా అయ్యాకే బోల్టు మీద చెయ్యేశాను. పైది తుప్పుపట్టి కదల్లేదు. ఏదైతేనేం, ఒకటి వస్తే చాలు కదా అని కిందిది విప్పాను."

"విప్పరాదని రాసుంది కదరా."

"మొదలు విప్పరాదని రాసుంది. నేను మొదలు విప్పలేదు కదా బావా. ఆఖర్న విప్పాను."

మేస్త్రి మంచం కోడు పట్టుకున్నాడు. "ఆఖర్న" అన్నాడు. మళ్లీ అన్నాడు. 

అడితిలో పెరిగినవాడికి మొదలంటే ఒకటే. దుంగకు లావు వైపు మొదలు, సన్నం వైపు చివర. చెట్టు నేలలోంచి లేచే చోటు మొదలు. ఆయన దగ్గర వినీ వినీ నాకూ అదే అలవాటైపోయింది. మిగతా లోకానికి మొదలంటే ముందు. మొదలు కాళ్లు కడుక్కో, తర్వాత అన్నం తిను. నేను నా చేత్తో, కుదురైన అక్షరాలతో, ముప్పై చోట్ల రాసిందాన్ని చదివినవాడికి అర్థమయ్యేది, ముందే బోల్టు విప్పొద్దు అని. తర్వాత ఏది కావాలంటే అది విప్పుకోమని.

రెండు రోజులకు ఇంజనీరు గారు గదిలోకి పిలిచారు. ఫైలు తెరిచి ఉంది. మేస్త్రి నన్నూ రమ్మన్నాడు, రాసింది నేను కాబట్టి.

"సూచన దిమ్మె మీదే ఉంది" అన్నారాయన. "మీ బావమరిది నిర్లక్ష్యం అని రాసేస్తాను. స్తంభానికి మచ్చ రాదు, ఏడాది లెక్క ఆగదు. ఇంకెంత, నెలన్నర. కుర్రాణ్ణి లైను పని నుంచి తీసి స్టోర్సులో వేద్దాం. ఆ కాలుతో ఎలాగూ అంతే కదా."

బావమరిది కూడా అదే అన్నాడు ముందు రోజు. "రాయించెయ్ బావా. కాలు ఎటూ విరిగింది, స్తంభమైనా నిలబడనీ."

కుర్చీ చూపించినా మేస్త్రి కూర్చోలేదు. "సార్, ఆ రాత చదివితే మీకేం అర్థమైంది?"

"ఏముంది. తీగ విప్పక ముందు బోల్టు ముట్టుకోవద్దని."

"ఏ బోల్టు?"

"ఏదైనా."

"అయితే మావాడు చేసిన తప్పేంటి సార్?"

ఇంజనీరు గారు ఫైల్లో కాగితం తిప్పారు. తర్వాత, "మొదటి రోజు దగ్గరుండి చూపించారు కదా" అన్నారు.

"పై బోల్టు విప్పి చూపించాను. కిందిది విప్పితే ఏమవుతుందో నోటితో ఎవరికీ చెప్పలేదు. రాత ఉంది కదా అనుకున్నాను."

ఆయన అక్కడితో ఆగలేదు. ఆవరణలో తర్వాత నిలబెట్టిన నమూనా స్తంభం ఒకటుంది, దాని మీదా అదే రాత. ఆ లైను మీద పనిచేసే ఆరుగురు లైన్‌మన్లను ఒక్కొక్కరిగా పిలిచి, రాత చదివి, విప్పకూడని బోల్టు మీద చెయ్యి పెట్టమన్నాడు. ఇంజనీరు గారు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. నలుగురు ఏ బోల్టు మీదా చెయ్యి పెట్టలేదు, తీగ తీశాక ఏదైనా విప్పొచ్చన్నారు. ఒకప్పుడు కట్టెలు కొట్టి బతికిన ముసలాయన ఒక్కడే కిందిది ముట్టుకున్నాడు. ఆరోవాడు తిన్నగా వచ్చి పై బోల్టు మీద చెయ్యేశాడు.

"ఇదా?" అన్నాడు మేస్త్రి.

"మొదలు బోల్టంటే మొదటిది కదా మేస్త్రీ. పైనుంచి లెక్కపెడితే ఇదే."

"మరి ఇన్నాళ్లూ ఏది విప్పావు?"

"ఇదే."

"విప్పరాదని చదివి కూడానా?"

"అందరూ ఇదే విప్పుతున్నారు కదా అని." వాడు మెడ గోక్కున్నాడు. "నిలబడి విప్పొచ్చు. కిందిదైతే నడుం వంచాలి."

మిగతావాళ్లు తలకాయలూపారు. ఒకడు నవ్వబోయి మానేశాడు.

మేస్త్రి దిమ్మె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆ రాతను తొలిసారి చూస్తున్నట్టు చూశాడు. "కొలిమీ, ఇన్ని నెలలు వీళ్ల కాళ్లు కాపాడింది నీ రాతా కాదు, నా బుర్రా కాదు. వీళ్ల బద్ధకం." గొంతు పెంచలేదు. నాకు మాత్రం మొహం మీద కొట్టినట్టయింది. ముప్పై స్తంభాల దగ్గర ఏ రోజైనా ఎవడికైనా పై బోల్టు బిగుసుకుపోయి ఉండొచ్చు. ఎవడైనా పోయి ఉండొచ్చు.

ఇంజనీరు గారు మెట్లు దిగి వచ్చారు. "సూచన తప్పు అని రాస్తే లెక్క ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలవుతుంది. అది పూర్తయ్యేసరికి మీరుండరు మేస్త్రీ."

"రాయండి సార్" అన్నాడాయన. కాగితం రాగానే సంతకం పెట్టేశాడు. 

కొత్త రాత నేను ఆలోచించి పెట్టాను. "కింది బోల్టు విప్పరాదు." బాగుంది కదా అన్నాను.

"కర్ర పడుకోబెట్టాక మిగిలేది ఒకటే బోల్టు. అప్పుడు కిందిదేది?" అన్నాడు.

 ఆయన నా సంచీలోంచి ఉలి తీసి ఎర్ర అక్షరాలు గీకడం మొదలుపెట్టాడు. ఏమీ రాయొద్దన్నాడు. కింది బోల్టుకు నట్టు బిగించాక బయటికున్న కొసను ఎర్రగా కాల్చి, సుత్తితో పుట్టగొడుగులా పరిచెయ్యమన్నాడు. తల వైపు మూలలు కొట్టేసి గుండ్రం చెయ్యమన్నాడు. ఇక స్పానర్ పట్టదు. కింది బోల్టు మార్చాల్సివస్తే, కర్రను పడుకోబెట్టాక ఉలితో కోసుకోవాల్సిందే. పై బోల్టుకు నిండా గ్రీజు.

చేతి కొలిమి బండి మీద వేసుకుని వాగు దారంట స్తంభం తర్వాత స్తంభం పోయాం. పదిహేడో నంబరు దగ్గర ఆయన పని చెయ్యలేకపోయాడు. అటు తిరిగి గట్టు మీద కూర్చున్నాడు. ఆ ఒక్కదాని కొస నేనొక్కణ్ణే పరిచాను.

ఆయన రిటైరయ్యాడు. ఏడాది గడిచింది, ఒక్క ప్రమాదం జరగలేదు. ఈలోపు ఇంజనీరు గారికి బదిలీ అయింది. కొత్తాయన ఫైలు చదివారో లేదో తెలీదు, మిగతా లైన్లన్నిటికీ ఇనప గొట్టాలకే సంతకం పెట్టారు. వాటిని మళ్లీ ఎక్కాల్సిందే. నేను వెళ్లి చెప్పేసరికి మేస్త్రి అన్నం తింటున్నాడు. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.  ఆయన భార్య మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరిపి పక్కన కూర్చుంది.

"ఆ ముప్పై పీకేస్తారా?" అన్నాడు చివరికి.

"లేదు. ఉన్నవి ఉండనీమన్నారు."

ఆ ముప్పై స్తంభాలకూ ఇప్పుడు బావమరిదే పెద్ద. కాలు కాస్త ఈడుస్తూ నడుస్తాడు. కొత్తగా ఎవరైనా పనిలోకొస్తే ఏమీ చెప్పడు. తీగ విప్పించి, తాళ్లు కట్టించి, స్పానర్ చేతికిచ్చి, ఏం చేస్తాడో చూస్తూ పక్కన నిలబడతాడు. మొన్న ఒకడు వంగి కింది బోల్టుకే తగిలించాడు. స్పానర్ జారింది. ఇంకోసారి పెట్టాడు, మళ్లీ జారింది. విసుక్కుని లేచి, పై బోల్టుకు పెట్టాడు.