కాగితం బిళ్ల చెప్పిన అబద్ధం

ఇప్పటి ల్యాబులకు ఆ బిళ్లలు తయారుగా వస్తాయట. అదృష్టవంతులు. మేమైతే ఫైళ్లకు చిల్లులు వేసే మిషనుతో వడపోత కాగితాన్ని టకటకా కొట్టి, రాలిన ఒక్కో బిళ్ల మీద బాసిట్రాసిన్ మందు చుక్క వేసి, ఆరబెట్టి, సీసాలో పోసి ఐసుపెట్టెలో దాచేవాళ్లం. ఆ టకటకా, పదకొండింటి చాయ్ తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

గొర్రె నెత్తురు కలిపిన ప్లేటు మీద రోగి గొంతులోని క్రిములను పూసి బిళ్ల పెట్టేవాళ్లం. మర్నాటికి బిళ్ల చుట్టూ క్రిములు పెరగని గుండ్రటి జాగా కనిపిస్తే, అది కీళ్లనూ గుండెనూ పట్టే రకం. కనిపించకపోతే భయం లేదు.

యాభైల చివర, పాతబస్తీలోని ఆ ల్యాబుకు ఛత్రినాక నుంచి నడిచి వచ్చేదాన్ని. ఆరు నెలలకే అన్నీ వచ్చేసినట్టు మిడిసిపాటు. మా సీనియరు చాచాకు ఒకటే చాదస్తం. ఆ గుండెను పట్టే రకమేనని ముందే తెలిసిన క్రిమి మీద కూడా ఒక బిళ్ల పెట్టాలి. బిళ్లలో సత్తువ ఉందో లేదో అప్పుడే తెలుస్తుందనేవాడు.

ఆ ఎండాకాలం, మా గాజుసామాను కడిగే ధూల్‌పేట అక్క తన పదేళ్ల కూతురిని తీసుకొచ్చింది. జ్వరం, గొంతు వాపు. ఆమె పెద్దకొడుకు ఇలాగే గొంతునొప్పితో మొదలై గుండెజబ్బుతో పోయాడు. మర్నాడు ప్లేటు చూశాను. బిళ్ల చుట్టూ జాగా లేదు.

“ఏం లేదక్కా, ఫికర్ చెయ్యకు. నిమ్మలంగ ఇంటికి పో” అన్నాను. ఆమె నా చేతులు కళ్లకద్దుకుని వెళ్లింది.

“తెలిసిన పురుగు మీద పెట్టినవా, బేటీ?” అన్నాడు చాచా.

పెట్టలేదు. పైగా బిళ్లల సీసా రెండు రోజులుగా కిటికీలో, ఎండలో, నా టిఫిన్ డబ్బా పక్కనే ఉంది. చాచా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్ల గొంతులోని క్రిమి మీదా, తెలిసిన క్రిమి మీదా పాత బిళ్ల ఒకటి, కొత్త బిళ్ల ఒకటి పెట్టించాడు. తెల్లారి చూస్తే పాత బిళ్ల చుట్టూ ఏమీ లేదు. కొత్త బిళ్ల చుట్టూ, రెండు ప్లేట్ల మీదా, పావలా అంత జాగా.

అక్క అప్పటికే తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతోంది. “నిన్న నేను చెప్పింది తప్పక్కా” అన్నాను.

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది. “నిన్న బిడ్డకు పాయసం వండిన” అంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆ మధ్యాహ్నమే పెన్సిలిన్ మొదలుపెట్టారు. పిల్ల కోలుకుంది. అక్క నాతో మునుపటిలాగే నవ్వుతూ మాట్లాడేది, పండక్కి సకినాలు తెచ్చేది. కానీ నేను బిళ్లల సీసా తీసినప్పుడల్లా తొట్టి దగ్గరి నుంచి ఒకటే మాట. “తెలిసినదాని మీద పెట్టినవా, చెల్లె?”

పెట్టానని చెప్పినా, తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, ప్లేటు ఎత్తి చూసి పోయేది.